ఉత్తుత్తి ఎగుమతి

మొన్న బీచ్ రోడ్డులోని ఒక హోటల్లో ప్రభుత్వం వాళ్ళు మీటింగు పెట్టారు. యూరప్ వాళ్ళు ఇనుము చెయ్యడానికి ఎంత బొగ్గుపొగ వదిలారో లెక్క అడుగుతున్నారు, అమెరికా వాళ్ళు రొయ్య మీద సుంకం ఎప్పుడు పెంచుతారో ఎప్పుడు దించుతారో వాళ్ళకే తెలియదు, ఇంకా ఏవో దేశాలతో కొత్త ఒప్పందాలట. ఇవన్నీ వచ్చి మీద పడకముందే మన ఊరు ఎలా సిద్ధపడాలన్నది విషయం. రొయ్యల ఫ్యాక్టరీల వాళ్ళు, ఆటోనగర్ నట్లూ బోల్టుల వాళ్ళు, నాలాంటి కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంట్లు అందరం వెళ్ళాం. మా పని తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట చెబుతాను. సరుకు ఫ్యాక్టరీ గేటు దాటిన దగ్గర్నుంచి ఓడెక్కేదాకా దారిలో అడ్డొచ్చే ప్రతి ఆఫీసునీ ఒప్పించి పంపేది మేమే.

అమరావతి నుంచి వచ్చిన ఆఫీసరమ్మది చిన్న వయసు. తెర మీద బొమ్మలు చూపించడం అయ్యాక, "కొత్త రూలు అమల్లోకి రాకముందే ఒక ఖాళీ కంటెయినర్‌తో మొత్తం నడిపి చూద్దామనుకుంటున్నాం. మీ ఊళ్ళోనే ఒకాయన ఇలా చేసేవారట కదా" అంది. హాలు ఒక్కసారిగా కదిలింది. వెనక వరసల్లోంచి ఆయన పేరు వినిపించింది. పోయారని ఎవరో చెప్పారు. ఆవిడ నొచ్చుకుని, అయితే ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం అంది.

నేనూ లేచి నిలబడి తల వంచుకున్నాను. కడుపులో మాత్రం మంట మొదలైంది. మనిషితో పాటు ఈ మంట కూడా పోతుందనుకున్నాను, పోలేదు. ఆయన బతికున్నప్పుడు కనీసం ఇంట్లో కూర్చుని నాలుగు మాటలు అనుకునే సదుపాయం ఉండేది. ఇప్పుడు అదీ లేదు, పోయినవాళ్ళని అనకూడదు కదా.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇంకో చోట కూడా ఆ పేరు ఎక్కుతుంది. ఇప్పటికే ఎక్కిన చోట్లు చాలు.

ఆయన ప్రతి మగవాణ్ణీ "బావ" అనేవాడు. లారీ డ్రైవర్నీ, కస్టమ్స్ సూపరింటెండెంట్‌నీ, నన్నూ కూడా. నేను మాత్రం ఆయన్ని చివరిదాకా "మీరు" అనే అన్నాను. ఇద్దరం ఒకే ఏడాది, ఒకే కంపెనీలో గుమాస్తాలుగా చేరాం. ఆయన వాళ్ళది సముద్రం ఒడ్డు పేట, నాన్నకి బోటు ఉండేది. మా నాన్న కొవ్వూరు దగ్గర్నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొన్నాళ్ళకి ఆయన బయటికి వచ్చి సొంత ఆఫీసు పెట్టాడు. అది చూసి నేనూ పెట్టాను. అది చూసి పెట్టలేదని చాలామందికి చెప్పాను గానీ, అది చూసే పెట్టాను.

మనిషి నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. తెల్ల చొక్కా, మోచేతుల పైదాకా మడతలు, జేబులో దువ్వెన. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పేముందు ఆ దువ్వెన తీసి తల దువ్వుకునేవాడు. జుట్టంతా రాలిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు. బట్టతల మీద దువ్వెన అలా వెళ్ళి వస్తుంటే ఎదుటివాళ్ళు నవ్వాలి న్యాయంగా. ఎవరూ నవ్వేవారు కాదు, ఏం చెబుతాడా అని చూసేవారు. కుర్చీలో కూర్చోవడం రాదు ఆయనకి. ఒక కాలు కుర్చీ మీద పెట్టి నిలబడేవాడు. కస్టమ్స్ ఆఫీసు క్యాంటీన్‌లో టీ అతను ఆయన్ని దూరం నుంచి చూసి గ్లాసు కడిగేవాడు. నాకూ అదే టీ ఇచ్చేవాడు, నేను అడిగాక.

"అనుకో" అన్నది ఆయన ఊతపదం. ఎక్కడున్నా, ఎవరితో ఉన్నా. పెళ్ళి భోజనాల దగ్గర వంటవాణ్ణి పక్కకి పిలిచి, అనుకో, ఇప్పుడు గేస్ అయిపోనాది, ఏటి సేత్తావ్ అని అడిగేవాడు. ఆ వంటవాడు విసుక్కోకుండా ఆలోచించి జవాబు చెప్పేవాడు. ఒకసారి వాళ్ళింటికి వెళితే భార్యని కూడా అలాగే అడుగుతున్నాడు, అనుకో, నాను లేను, ఏటి సేత్తావ్ అని. ఆవిడ చేపలు కడుగుతూ, టీవీ నాదవుతాది అంది. ఆయన పగలబడి నవ్వి, దీనికి అన్నీ రెడీగున్నాయి బావ, అన్నాడు నాతో. నా భార్య ఆ ఇంటి నుంచి వచ్చేటప్పుడు దారంతా, వాళ్ళు ఎంత సరదాగా ఉంటారో చూశారా అంటూనే ఉంది.

ఈ "అనుకో" లోంచి పుట్టిందే ఉత్తుత్తి ఎగుమతి. ఎక్కడైనా ఏ దేశమైనా కొత్త రూలు పెడుతోందని కబురు తెలిస్తే చాలు, మేమందరం అమల్లోకి వచ్చాక చూసుకుందాంలే అనుకునేవాళ్ళం. ఆయన మాత్రం శనివారం మధ్యాహ్నం ఆటోనగర్‌లో వాళ్ళ బంధువుల లారీ షెడ్డుకి అందర్నీ పిలిచేవాడు. కబడ్డీ కోర్టు గీసినట్టు నేల మీద సున్నంతో గీతలు. ఇది ఫ్యాక్టరీ, ఇది ల్యాబు, ఇది కస్టమ్స్, ఇది పోర్టు గేటు. రెండు బెంచీలు కలిపితే ఓడ. చేపలు మోసే థర్మాకోల్ పెట్టె కంటెయినర్. అందులో ఏమీ ఉండదు. చిన్నపిల్లలు ఉత్తుత్తి వంటలు వండుకున్నట్టు ఆ ఖాళీ పెట్టెని ఆ కొత్త రూలు ప్రకారం ఈ చివర్నుంచి ఆ చివరికి దాటించాలి.

ఎవరి పని వాళ్ళు చెయ్యకూడదన్నది ఆయన పెట్టిన నియమం. ఫ్యాక్టరీ ఓనరు లారీ డ్రైవరు అవ్వాలి, లారీ డ్రైవరు అమెరికాలో సరుకు కొనేవాడు అవ్వాలి. అడ్డం పెట్టే ఆఫీసరు వేషం మాత్రం ఎప్పుడూ ఆయనదే. ఎక్కడిదో ఒక టోపీ పెట్టుకుని, ప్రతి గీత దగ్గరా పెట్టెని ఆపేసి, బతిమాలినా వదిలేవాడు కాదు. యూరప్ వాళ్ళ రూలు వస్తోందన్నప్పుడు నట్లు బోల్టులు చేసే ఒకాయన్ని పట్టుకుని, ఈ బోల్టు సేడానికి ఎంత బొగ్గు కాల్సేవు అని నిలదీశాడు. నేను కాల్చేదేటి బావ, స్టీలు కొనుక్కుంటాను, కరెంటుతో చేత్తాను, అన్నాడు ఆ మనిషి. అయితే నీకు స్టీలు అమ్మినోడు ఎంత కాల్సేడు, నీ కరెంటు ఎక్కడ్నుంచొచ్చినాది, అదీ సెప్పు, లేపోతే పెట్టె కదల్దు, అన్నాడు ఈయన. షెడ్డంతా నవ్వులు. కానీ సోమవారం నాడు ఆ బోల్టులాయన తన స్టీలు అమ్మేవాడికి ఫోన్ చేసి ఆ లెక్క అడగడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు అడగడానికి ఇంకో ఏడాది పట్టింది.

నాకెప్పుడూ ఓడ ఇచ్చేవాడు. బెంచీ మీద కూర్చోవడమే నా పని. అన్నీ అయ్యాక పెట్టె తెచ్చి నా ఒళ్ళో పెడతారు, ఆయన ఈల ఊదుతాడు, బజ్జీలూ టీ వస్తాయి. అక్కడితో ఆట సరి. విశాఖపట్నంలో అందరి లెక్కా అదే. ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ దాటిందంటే మన పని అయిపోయినట్టే, ఇంక సముద్రం చూసుకుంటుంది. అందరూ బజ్జీల చుట్టూ మూగేవారు. నేను పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఇప్పుడు నేనెక్కడికి వెళ్ళాలి అనుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఇంత అసూయ పెట్టుకుని అసలు ఎందుకు వెళ్ళేవాడివంటే, రాజు గారి కోసం. రాజు గారిది భీమవరం పక్క. హైవే మీద రొయ్యల ఫ్యాక్టరీ ఉంది. మా నాన్నది కూడా గోదావరి ఒడ్డేనన్న ఒక్క అభిమానంతో మొదట్నుంచీ ఆయన సరుకంతా నాకే ఇచ్చారు. నా ఆఫీసు అద్దె, నా దగ్గర పనిచేసేవాళ్ళ జీతాలు, దువ్వాడలో మా ఇల్లు, మా అమ్మాయి కాలేజీ, అన్నీ రాజు గారి కంటెయినర్ల మీదే నడిచేవి. ఆయన వెళ్ళిపోతే తాళం వేసుకోవడమే. అలాంటి రాజు గారు ఎవరో చెప్పగా విని ఈ శనివారాలకి రావడం మొదలుపెట్టారు. సొంతంగా మంచినీళ్ళు ముంచుకోని మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని లారీ డ్రైవరు వేషంలో ఆఫీసర్ని బతిమాలుతూ పిల్లాడిలా నవ్వుతుంటే బెంచీ మీద నుంచి చూసేవాణ్ణి. నా ఆఫీసుకి వచ్చినప్పుడు ఆయన ఎప్పుడూ అలా నవ్వలేదు. నేను రాకపోతే రాజు గారు ఆ షెడ్డులో ఒంటరిగా ఆయనకి దొరికిపోతారని ఒక్క శనివారం కూడా మానేవాణ్ణి కాదు.

అప్పుడు వచ్చింది అమెరికా సుంకం. రొయ్య మీద పన్ను ఒక్కసారిగా పెంచేస్తున్నాం, ఫలానా తేదీకి ముందు ఓడెక్కేసిన సరుకుకి మాత్రం పాత పన్నే అన్నారు. ఊరు ఊరంతా పరుగు. ఫ్యాక్టరీల్లో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళకి సెలవుల్లేవు, ఐస్ దొరకదు, లారీ దొరకదు. ఆయన వరసగా ఉత్తుత్తి ఎగుమతులు నడిపి, ఎక్కడ ఎంత ఆలస్యం అవుతుందో ముందే పట్టుకుని, తనని నమ్ముకున్నవాళ్ళ సరుకంతా గడువు లోపల ఓడెక్కించేశాడు. ఆ రోజు షెడ్డులో స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను.

నేను పిరికివాణ్ణి. ఏ నోటీసు వచ్చినా మళ్ళీ మళ్ళీ చదువుతాను, చదివిన కొద్దీ భయం పెరుగుతుంది. ఓడెక్కిన సరుకు అంటే ఏ ఓడ అని అనుమానం వచ్చింది. మన దగ్గర్నుంచి చాలా సరుకు చిన్న ఓడలో కొలంబో వెళ్ళి, అక్కడ పెద్ద ఓడలోకి మారి అమెరికా వెళుతుంది. రాజు గారి సరుకు కొనే కంపెనీకి అమెరికాలో ఒక ఏజెంటు ఉన్నాడు. అతన్ని అడిగితే, ఆఖరి ఓడే లెక్క, అంటే కొలంబోలో ఎక్కే పెద్ద ఓడ, అన్నాడు. వెంటనే రాజు గారి వెంటపడ్డాను. ఎంత తయారైతే అంతే, ఇప్పుడు వెళ్ళే ఓడలోనే పంపేద్దామన్నాను. కంటెయినర్లు నిండనే లేదు, నీ కంగారు పాడుగానూ అని తిట్టారు. తిట్లు తింటూనే పంపించాను. తక్కిన ఏజెంట్లకి చెప్పావా అంటే, చెప్పాను. క్యాంటీన్‌లో ఆయన ఎదుటే చెప్పాను. ఆయన దువ్వెన తియ్యలేదు. ఓడ కదిలిపోయాక ఇంకేటుంటాది బావ, ఊరికే బెంగెట్టుకోకు, అని నా భుజం మీద తట్టి వెళ్ళిపోయాడు.

చివరికి నేను చెప్పిందే జరిగింది. రాజు గారి సరుకు పాత పన్నుకే దిగింది. షెడ్డులో ఆయన్ని నమ్ముకున్నవాళ్ళ సరుకు మాత్రం కొలంబోలో గడువు దాటాక పెద్ద ఓడెక్కింది, కొత్త పన్ను పడింది. ఆయన సున్నం గీతల్లో కొలంబో లేదు. ఇది ఆ బెంచీ మీద కూర్చోబట్టే నాకు తట్టిందని ఎవరైనా అంటే మాత్రం నేనొప్పుకోను.

ఆ శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, రాజు గారిని నా కార్లో ఎక్కించుకుని మరీ వెళ్ళాను. ఓడిపోయిన ఆయన ముఖం చూడాలి నాకు. అన్నేళ్ళకి ఒక్క రోజు నాది. ఈరోజు షెడ్డుకి ఎవరూ రారని, ఆయన కూడా ఏదో వంక పెట్టి మానేస్తాడని దారిలో అనుకున్నాను. వెళ్ళేసరికి షెడ్డు నిండా జనం. నష్టపోయినవాళ్ళు కూడా ఉన్నారు. తర్వాత తెలిసింది, ఆయన అప్పటికే ఒక్కొక్కళ్ళ ఇంటికీ వెళ్ళి, వాళ్ళకి వేరేవాళ్ళ నోటి వెంట తెలియకముందే తానే చెప్పి వచ్చాడని.

ఆ రోజు టోపీ పెట్టుకోలేదు. సున్నం డబ్బా తీసుకుని ఓడ బెంచీల అవతల, గోడ వారగా, ఇంకో పెద్ద గుండ్రం గీశాడు. దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.

"ఇది కొలంబో. ఇది నాను గీయలేదు. మీ సరుకు ములిగింది నా వల్లే, ఇంకెవడి వల్లా కాదు. ఈ బావ సెప్పేడు, నాను ఇన్లేదు" అన్నాడు. అని నా చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాక్కొచ్చాడు. "ఇప్పుడు నువ్ సెప్పు బావ. అందరూ ఇంటారు."

చెప్పాను. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన ఘడియ అది. తీరా వచ్చేసరికి నోటీసు చదివినట్టు గడగడా చెప్పుకుపోయాను. అందరూ వింటూనే ఉన్నారు గానీ, చూపులన్నీ ఆయన మీదే. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, స్కూలు పిల్లాడు విన్నట్టు నా మాటలు వింటున్నాడు, మధ్యలో తల ఊపుతున్నాడు. నేను ఆపగానే చప్పట్లు కొట్టారు. నా కోసం కాదు. ఒక ముసలాయన, ఆయన వల్లే బాగా నష్టపోయినాయన, లేచి వచ్చి ఆయన్ని పట్టుకుని, నీలాంటోడు ఈ ఊళ్ళో లేడు బావ, అని ఏడిచాడు. గెలిచింది నేను, కౌగిలింతలన్నీ ఆయనకి. ఓడిపోవడం కూడా నాకన్నా బాగా చేతనైన మనిషితో ఎవరైనా ఏం చేస్తారు?

తిరిగి వస్తూ గాజువాక దాటాం. రాజు గారు కళ్ళు తుడుచుకుని, "ఏం మనిషండీ బాబూ. తప్పు నాదని పదిమందిలో అనగలిగినోడు ఎక్కడున్నాడండీ ఈ రోజుల్లో. అలాంటాయన చేతిలో సరుకు పెడితే ములిగినా బాధుండదు" అన్నారు. ఆయన సరుకు ములగకుండా కాపాడినవాణ్ణి పక్కనే కూర్చుని కారు నడుపుతున్నాను. అవునండీ అన్నాను. ఇంకేమంటాను?

ఇంటికెళ్ళి, మన పని అయిపోయింది, రాజు గారు వెళ్ళిపోతారు అని నా భార్యకి చెప్పాను. మర్నాటి నుంచి ఫోన్ మోగితే చాలు, అదేనేమో అనుకునేవాణ్ణి. నెల గడిచింది, ఇంకో నెల గడిచింది. రాజు గారి కంటెయినర్లు ఎప్పటిలాగే నాకే వస్తున్నాయి. నెమ్మదిగా నాకు ధైర్యం వచ్చింది. ఎంత కళ్ళనీళ్ళు పెట్టుకున్నా ఆఖరికి పనిమంతుడు ఎవడో రాజు గారికి తెలుసనుకున్నాను. జీవితంలో ఆ మనిషి కోరుకున్నా దొరకనిదొకటి నా దగ్గర ఉందని, క్యాంటీన్‌లో ఆయనకి ముందు టీ ఇస్తున్నా పట్టించుకోకుండా కూర్చోగలిగాను.

చలికాలంలో ఆయన పోయాడు. గుండెపోటు. పేట సందులన్నీ జనంతో నిండిపోయి, బోట్లు లాగే ఇసక దాకా నిలబడ్డారు. పోర్టు వాళ్ళు, లారీల వాళ్ళు, ఆటోనగర్ అంతా. నాకు ఇంతమంది వస్తారా అని చూసుకున్నాను. ఎవరైనా చూసుకుంటారు, పైకి అనరు.

మొన్న హోటల్లో మౌనం అయిపోయాక టీలు ఇచ్చారు. రాజు గారు కప్పు పట్టుకుని నా పక్కకి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీకో మాట చెప్పలేదండి ఇన్నాళ్ళూ. చెప్పకూడదనే అనుకున్నాను" అన్నారు. కొలంబో గీసిన శనివారం నేను ఇంటి దగ్గర దింపి వెళ్ళగానే ఆయనకి ఫోన్ చేశారట. ఇకనుంచి నా సరుకంతా మీరే చూడండి, వాళ్ళకి నేను చెప్పుకుంటాను అన్నారట. వాళ్ళంటే నేను.

"ఏమన్నాడు?" అన్నాను.

"కోప్పడ్డాడండీ నా మీద. 'నీ సరుకు దాటించినోడ్ని ఒగ్గీసి, ముంచీసినోడి కాడికి వత్తానంటావేటి రాజుగారూ' అన్నాడు. ఫోన్ పెట్టేశాడు."

చేతిలో కప్పు పక్కన బల్ల మీద పెట్టేశాను. ఆయన దగ్గర లేనిది నా దగ్గర ఒకటుందని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. అది ఆయన వద్దంటే నా దగ్గర మిగిలింది. నా ఇల్లు, నా ఆఫీసు, మా అమ్మాయి కాలేజీ, అన్నీ ఆయన ఒక్క ఫోన్లో వద్దన్న దాని మీద నడుస్తున్నాయి. కృతజ్ఞత కలగాలేమో అలాంటప్పుడు. నాకు కోపం వచ్చింది. నాతో ఒక్క మాటైనా అనకుండా, ఆ తర్వాత కూడా ఏమీ జరగనట్టు, ఏటి బావ అని భుజం తడుతూ తిరిగాడే అని.

రాజు గారిని ఆ రోజు కూడా నేనే దింపాలి. బీచ్ రోడ్డు మీద సాయంత్రం జనం ఎక్కువగా ఉంది, కారు నత్తనడక నడుస్తోంది. చివరికి ఉండబట్టలేక, ఆ రోజు ఫోన్లో నా గురించి ఆయన ఇంకేమైనా అన్నాడా అని అడిగాను.

రాజు గారు ఆలోచించి, "లేదండీ, అంతే" అన్నారు.

పనిమంతుడనో, జాగ్రత్తపరుడనో, అలాంటి మాటేదైనా?

"లేదండీ."

కారు పక్కకి తీసి ఆపాను. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పమన్నాను.